మోటారు చక్రము నిలువవలసిన చోటు

(ఆఫ్‌సెట్టును, స్పేసరులను గూర్చిన పాఠము)

మోటారుకారు కొనినవారు దానిలో మొట్టమొదట మార్పదలచునవి చక్రములు. ఇనుప చక్రములను తీసివైచి, అలాయ్ వీలులని పిలువబడు మెఱయు అల్యూమినియపు చక్రములను తగిలించుకొనుట నేడు పట్టణములలోనే గాక పల్లెలలోను సాధారణమైనది. విజయవాడ ఆటోనగరు మొదలగు చోట్ల నిట్టి చక్రములు వరుసగా నమర్చబడి యుండుట చదువరులలో పలువురెఱిగినదే. కొనువారు వాని పరిమాణమును చూతురు, నిగనిగను చూతురు, వెలను బేరమాడుదురు. కాని చక్రపు వీపున నచ్చుపడి యుండు నొక చిన్న యంకెను చూచువారు మిక్కిలి తక్కువ. బండి నడతయు, అందు కూర్చున్నవారి క్షేమమును ఆ యంకెపై నెంతయో యాధారపడి యున్నవి.

ఆ యంకెకు ఆఫ్‌సెట్టు అని పేరు. దాని యర్థమును, దానిని మార్చుటకై చక్రమునకును హబ్బునకును నడుమ నుంచెడి స్పేసరుల స్వభావమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియునట్లు చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఇందు కావలసిన గణితము కూడికయు, తీసివేతయు, కొంచెము గుణకారమును మాత్రమే.

1. లారీ నేర్పు పాఠము

ఆఫ్‌సెట్టు అనగా నేమో తెలిసికొనుటకు పుస్తకముకంటె ముందు లారీని చూడుడు. రోడ్డు ప్రక్క నాగియున్న ఆఱు చక్రముల లారీ యొద్దకు పోయి, ముందు చక్రమును పరికింపుడు. బోల్టులున్న నడిమి భాగము మనవైపునకు పొడుచుకొని వచ్చినట్లుండును. తరువాత వెనుక చక్రములలో వెలుపలి దానిని చూడుడు. అందు నడిమి భాగము లోతైన గిన్నెవలె లోపలికి పోయియుండును. ఇవి రెండును వేఱు వేఱు చక్రములని తోచును గదా! కాని చాల లారీలలో నవి రెండును ఒక్కటే. ముందు తగిలించిన చక్రమునే త్రిప్పి వెనుక తగిలించినారు.

ఇట్లేల చేసిరి? వెనుక ఇరుసునకు ఒక్కొక్క వైపున రెండేసి చక్రములుండును. వాని నడిమి రేకులు రెండును వీపునకు వీపు తగిలినట్లుగా నొకదానినొకటి ఆనుకొని యుండును. నడిమి రేకు రిమ్మునకు సరిగా మధ్యనే యుండినచో, రెండు టైరులు నొకదానితో నొకటి రాచుకొని కాలిపోవును. నడిమి రేకు ఒక ప్రక్కకు జరిగియుండుటచేతనే టైరుల నడుమ నెడము చిక్కుచున్నది. ఈ జరుగుబాటే ఆఫ్‌సెట్టు. అది లారీలో కంటికి కనబడును. కారులో కనబడదు. అంతియే భేదము.

2. ఆఫ్‌సెట్టు అనగా నేమి?

చక్రమునందు రెండు భాగములను గుర్తింపవలెను. టైరు కూర్చుండు వలయము రిమ్ము. హబ్బునకు తగిలి బోల్టులతో బిగింపబడు నడిమి భాగము రెండవది. ఈ నడిమి భాగములో హబ్బును తాకు చదునైన వైపును మనము ఆనుముఖమందము. ఇప్పుడు రిమ్ముయొక్క వెడల్పును సరిగా సగము చేయుచు నొక గీతను ఊహింపుడు. ఇది నడిమి గీత. నడిమి గీతకును ఆనుముఖమునకును గల దూరమే ఆఫ్‌సెట్టు. దానిని మిల్లీమీటరులలో చెప్పుదురు.

ఇందు మూడు విధములు కలవు. ఆనుముఖము నడిమి గీతమీదనే యుండినచో ఆఫ్‌సెట్టు సున్న. ఆనుముఖము నడిమి గీతకంటె వెలుపలి వైపున, అనగా వీధిలో నిలుచున్న మనవైపున ఉండినచో అది ధన ఆఫ్‌సెట్టు. అప్పుడు రిమ్ములో నెక్కువ భాగము బండి క్రిందికి పోవును. ఆనుముఖము నడిమి గీతకంటె లోపలి వైపున ఉండినచో అది ఋణ ఆఫ్‌సెట్టు. అప్పుడు రిమ్ము వెలుపలికి పొడుచుకొని వచ్చును. లారీ ముందు చక్రము మొదటి దానికిని, వెనుక వెలుపలి చక్రము రెండవ దానికిని నుదాహరణములు. నేటి చిన్న కారులలో నించుమించుగా నన్నియు ధన ఆఫ్‌సెట్టు కలవియే. 35 మొదలు 50 వఱకు గల యంకెలు తఱచుగా కనబడును.

చక్రపు వీపున ఈ యంకెకు ముందు 'ఈ టీ' అను రెండు అక్షరము లుండును. ఇవి ఐన్‌ప్రెస్‌టీఫె అను జర్మను మాటకు గుర్తు. 'ఈ టీ 45' అని యుండినచో ఆఫ్‌సెట్టు ధన 45 మిల్లీమీటరులని యర్థము.

అంకె చెఱిగిపోయినను కొలత తీయవచ్చును. టైరు లేని చక్రమును వీపు పైకి వచ్చునట్లు నేలపై పరుండబెట్టి, రిమ్ము అంచులపై నొక తిన్నని బద్దను అడ్డముగా నుంచుడు. బద్ద క్రింది యంచునుండి ఆనుముఖము వఱకు గల లోతును కొలువుడు. తరువాత రిమ్ముయొక్క మొత్తము వెడల్పును అంచునుండి అంచునకు కొలిచి, సగము చేయుడు. లోతులోనుండి ఆ సగమును తీసివేయగా మిగులునది ఆఫ్‌సెట్టు. ఉదాహరణమునకు లోతు 141.5 మిల్లీమీటరులు, మొత్తము వెడల్పు 203 మిల్లీమీటరులు అనుకొందము. 203 లో సగము 101.5. 141.5 నుండి 101.5 తీసివేయగా 40. కావున ఆ చక్రము ఈ టీ 40.

ఇచ్చట నొక హెచ్చరిక. రిమ్ము 7 అంగుళములదని చెప్పునప్పుడు ఆ కొలత టైరు కూర్చుండు చోటుల నడుమ తీసినదే గాని, వెలుపలి యంచులనడుమ తీసినది కాదు. అంచుల మందము చేరుటచేత మొత్తము వెడల్పు సుమారొక అంగుళము హెచ్చుగా నుండును. ఈ భేదము తెలియక లెక్కలు తప్పువారు పెక్కురు.

3. ఒక లెక్క

ఒక కారునకు 6 అంగుళముల వెడల్పును, ఈ టీ 45 ను గల చక్రములున్నవి. యజమాని వానిని తీసివైచి, 7 అంగుళముల వెడల్పును, ఈ టీ 40 ను గల చక్రములు తగిలింపదలచినాడు. ఆఫ్‌సెట్టులో భేదము 5 మిల్లీమీటరులే గదా, దీనిచే నేమగునని యతని తలంపు. లెక్కించి చూతము.

అంగుళమునకు 25.4 మిల్లీమీటరులు. 6 అంగుళములలో సగము 76.2 మిల్లీమీటరులు. 7 అంగుళములలో సగము 88.9 మిల్లీమీటరులు.

లోపలి వైపు: ఆనుముఖమునుండి రిమ్ము లోపలికి పోవు దూరము, సగము వెడల్పును ఆఫ్‌సెట్టును కూడగా వచ్చును. పాత చక్రమునకు 76.2 + 45 = 121.2. క్రొత్త చక్రమునకు 88.9 + 40 = 128.9. కావున క్రొత్త చక్రము 7.7 మిల్లీమీటరులు లోపలికి చొచ్చినది.

వెలుపలి వైపు: సగము వెడల్పునుండి ఆఫ్‌సెట్టును తీసివేయవలెను. పాత చక్రమునకు 76.2 - 45 = 31.2. క్రొత్త చక్రమునకు 88.9 - 40 = 48.9. కావున క్రొత్త చక్రము 17.7 మిల్లీమీటరులు వెలుపలికి వచ్చినది.

7.7 ను, 17.7 ను కూడగా 25.4. అనగా హెచ్చిన ఒక అంగుళము రెండు వైపులకు పంచబడినది. లెక్క సరియైనదో కాదో ఇట్లు తాళ్ళు చూచుకొనవచ్చును.

ఇప్పుడు యజమాని రెండు ప్రశ్నలు వేసికొనవలెను. లోపలి వైపున షాక్ అబ్జార్బరునకును రిమ్మునకును నడుమ 7.7 మిల్లీమీటరులకంటె నెక్కువ ఎడమున్నదా? ముందు చక్రములను పూర్తిగా త్రిప్పినప్పుడును, నలుగురు కూర్చుండి బండి గుంటలో పడి స్ప్రింగు నొక్కుకొనినప్పుడును, వెలుపలికి వచ్చిన టైరు మడ్‌గార్డును రాచుకొనకుండునా? నిలిపియుంచిన బండిలో సరిపోయిన చక్రము, నడచుచున్న బండిలో సరిపోవునని నమ్మరాదు. రిమ్ముకంటె టైరు ఉబ్బుగా నుండునని కూడ మఱువరాదు.

4. కంటికి కనబడని మార్పులు

రాచుకొనుట చెవికి వినబడును. కావున దానిని ఎవరైనను కనిపెట్టుదురు. వినబడనివి, కనబడనివి మఱి రెండు కలవు. అసలు కీడు వానియందే యున్నది.

మొదటిది బేరింగుల మీది భారము. నీటితో నిండిన బకెట్టును శరీరమునకు దగ్గఱగా పట్టుకొనుడు. పిదప చేయి చాచి పట్టుకొనుడు. నీరు అంతే, బకెట్టు అంతే. కాని భుజము నొప్పి పెట్టును. భారము పెరుగలేదు, దూరము పెరిగినది. చక్రము విషయమున నిదే జరుగును. బండి తయారు చేసినవారు చక్రపు భారము హబ్బులోని బేరింగులమీద నెచ్చట పడవలెనో లెక్కకట్టి ఆఫ్‌సెట్టును నిర్ణయింతురు. చక్రమును వెలుపలికి జరిపినకొలది ఆ భారము చాచిన చేతిలోని బకెట్టు వంటిదగును.

పైన చెప్పిన ఈ టీ 40 చక్రమునకు 25 మిల్లీమీటరుల స్పేసరును గూడ చేర్చినారనుకొందము. అప్పుడు నడిమి గీత పూర్వముకంటె 30 మిల్లీమీటరులు వెలుపలికి వచ్చును. ఆ చక్రముపై పడు భారము 300 కిలోలని యెంచినచో, 300 ను 0.03 మీటరుతో గుణింపగా 9 కిలోగ్రాము మీటరులు. అనగా మీటరు పొడవుగల కఱ్ఱ కొనకు 9 కిలోల బరువును వ్రేలాడగట్టి, ఆ కఱ్ఱను హబ్బునకు తగిలించినట్లు. ఇది బండి కదలక నిలిచియున్నప్పటి మాట. గుంటలలో పడినప్పుడును, మలుపులలోను బలములింకను హెచ్చును. బేరింగు ఆ దినముననే విఱుగదు. కాని అది నిలువవలసిన కాలము తగ్గిపోవును.

రెండవది స్టీరింగు. ముందు చక్రము కుడి యెడమలకు తిరుగునప్పుడు అది ఒక యేటవాలు గీతచుట్టు తిరుగును. ఆ గీతను క్రిందికి పొడిగించినచో నేలను ఒక బిందువున తాకును. టైరు నేలను తాకుచోటి మధ్యభాగమునకును ఆ బిందువునకును గల దూరమునకు స్క్రబ్ రేడియస్సు అని పేరు. చక్రమును వెలుపలికి జరుపగా ఈ దూరము జరిపినంత మేర మాఱును.

దీని ఫలమేమి? బ్రేకు వేసినప్పుడు నేల టైరును వెనుకకు లాగును. టైరు మధ్యభాగము ఆ బిందువునకు వెలుపలనున్నచో ఆ లాగుడు చక్రమును బయటికి త్రిప్పజూచును. రెండు వైపులను లాగుడు సమానముగా నున్నంతకాలము ఒకదానినొకటి అడ్డుకొనును. కాని ఒక చక్రము తారురోడ్డుమీదను, రెండవది ప్రక్కనున్న యిసుకలోను ఉండినచో, పట్టుగల చక్రమే గెలిచి స్టీరింగును తనవైపునకు లాగికొని పోవును. దూరము పెరిగినకొలది ఆ లాగుడును పెరుగును.

ఈ సంగతిని వాహన నిర్మాతలెంత శ్రద్ధతో విచారింతురో తెలియుటకు ఒక యుదాహరణము. 1972 లో వెలువడిన ఆడీ 80 అను కారులో ఈ స్క్రబ్ రేడియస్సును బుద్ధిపూర్వకముగా ఋణముగా నుంచిరి. అనగా ఆ బిందువు టైరు మధ్యభాగమునకు వెలుపల నుండెను. అందుచే నొకవైపు బ్రేకు హెచ్చుగా పట్టినను చక్రము ఎదురు దిక్కునకు తిరుగజూచి, బండి తిన్నగా పోవుటకు సాయపడును. ఇట్లు నిర్ణయించిన కొలత కొన్ని మిల్లీమీటరుల సంగతి. అట్టి బండికి 20 లేక 25 మిల్లీమీటరుల స్పేసరును తగిలించినచో, ఆ నిర్మాతల శ్రమ అంతయు వ్యర్థమగును. బండి చూచుటకు వెడల్పుగా, ఠీవిగా నుండును. "పైన పటారము, లోన లొటారము" అను సామెత ఇట్టివానికే తగును.

5. స్పేసరులు

స్పేసరు అనగా చక్రమునకును హబ్బునకును నడుమ నుంచెడి లోహపు బిళ్ల. అది చక్రమును వెలుపలికి త్రోయును. దాని మందమెంతయో ఆఫ్‌సెట్టు అంత తగ్గును. ఈ టీ 45 చక్రమునకు 10 మిల్లీమీటరుల స్పేసరు నుంచినచో అది ఈ టీ 35 చక్రమువలె నిలుచును. స్పేసరు చక్రమును లోపలికి జరుపలేదు. ఇది మొదటి సూత్రము.

స్పేసరులు రెండు రకములు. పలుచని బిళ్లలు మొదటి రకము. ఇవి 3 లేక 5 మిల్లీమీటరుల మందము మొదలుకొని యుండును. వీనిని హబ్బు స్టడ్డులమీదికి జొనిపి, వానిపైనే చక్రమును తగిలించి నట్టులు బిగింతురు. మందమైనవి రెండవ రకము. ఇవి హబ్బునకు వేఱుగా బిగింపబడి, చక్రము తగిలించుటకు తమ స్వంత స్టడ్డులు కలిగియుండును.

పలుచని బిళ్లను చూచి, ఇంత చిన్నదానివలన నేమి భయమని తలతురు. భయము బిళ్లలో లేదు, స్టడ్డులో నున్నది. నట్టు స్టడ్డుపై నెన్ని మరచుట్టులు ఎక్కినదను దానిమీద బిగింపు ఆధారపడును. కనీసము స్టడ్డు వ్యాసమంత పొడవైనను నట్టు లోపల నుండవలెనని మెకానిక్కులు పాటించు సామాన్య నియమము. స్టడ్డు 12 మిల్లీమీటరులది, ఒక్కొక్క చుట్టు 1.5 మిల్లీమీటరులది అయినచో, 12 ను 1.5 చేత భాగింపగా 8. అనగా నట్టు కనీసము 8 పూర్తి చుట్టులు తిరుగవలెను. 5 మిల్లీమీటరుల బిళ్ల మూడు చుట్టులకు పైగా మ్రింగివేయును. మొదట 10 చుట్టులు మాత్రమే యున్నచోట ఏడైనను పూర్తిగా మిగులవు. నట్టు బిగిసినట్లే యుండును. పానాతో త్రిప్పిన చేతికి భేదము తెలియదు. కావున బిళ్ల తగిలింపక ముందును, తగిలించిన తరువాతను చుట్టులు లెక్కపెట్టుట ముఖ్యము. తక్కువైనచో పొడుగు స్టడ్డులు వేయింపవలెను. కొన్ని బండ్లకు స్టడ్డులు లేక బోల్టులే హబ్బులోనికి ఎక్కును. వానికి బిళ్ల మందమునకు తగిన పొడుగు బోల్టులు కావలెను.

రెండవ సంగతి. చక్రమును మోయునవి స్టడ్డులని చాలమంది యనుకొందురు. అది సరికాదు. స్టడ్డులు చక్రమును హబ్బునకు గట్టిగా అదిమి పట్టును. ఆ యదుముడువలన ఆనుముఖములనడుమ పుట్టు ఘర్షణయే చక్రము జాఱకుండ పట్టుకొనును. రెండు అరచేతులను గట్టిగా అదిమి, ఒకదానిపై నొకటి జరుప ప్రయత్నించినచో నీ విషయము బోధపడును. ఆనుముఖముల మధ్య తుప్పు, మట్టి, దట్టమైన రంగు ఉండినచో నవి నలిగిపోవును. అంతట నదుముడు సడలును, చక్రము సూక్ష్మముగా కదలనారంభించును, స్టడ్డులు వంగుచు లేచుచు అలసి విఱుగును. స్పేసరు చేరగానే ఇట్టి ముఖములు రెండింటికి బదులు నాలుగగును. కావున వైర్ బ్రష్షుతో నన్నింటిని శుభ్రపఱచుట నాలుగింతల యవసరము.

మూడవది. చాల కారులలో హబ్బు నడుమ నొక గుండ్రని మెట్టు ఉండును. చక్రపు నడిమి రంధ్రము దానిమీద బిగువుగా కూర్చుండి సరిగా కేంద్రమున నిలుచును. పలుచని బిళ్ల ఆ మెట్టును కప్పివేసినచో చక్రము కొంచెము ప్రక్కకు నిలిచి, వేగమున స్టీరింగు వణకును. మంచి స్పేసరునకు తనయందే అట్టి మెట్టు చెక్కబడి యుండును. లేతు అంగడిలో ఏదో యొక రేకును గుండ్రముగా కోయించి, రంధ్రములు పొడిపించి తగిలించుట ప్రాణములతో నాటలాడుట. ఆ లోహమెట్టిదో, దాని రెండు ముఖములు సమాంతరముగా నున్నవో లేదో చెప్పగల వారెవరు?

అయినచో స్పేసరు ఎల్లప్పుడును చెడ్డదేనా? కాదు. ఒక కారునకు ఈ టీ 40 తగియుండగా, దొరకిన మంచి చక్రము అదే వెడల్పును ఈ టీ 50 ను కలదనుకొందము. 10 మిల్లీమీటరుల మంచి స్పేసరు, తగిన పొడుగు స్టడ్డులతో, దానిని సరిగా 40 వద్దకే తెచ్చును. ఇచ్చట స్పేసరు చక్రమును దాని చోటినుండి తప్పించుట లేదు, దాని చోటికి చేర్చుచున్నది. సాధనమొక్కటే, ఉద్దేశము వేఱు. కాని బండి వెడల్పుగా కనబడవలెనని మాత్రమే స్పేసరు నుంచుట, లేదా తప్పు చక్రము కొని రాపిడి పోవుటకై స్పేసరు నుంచుట, కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక యూడినట్లగును.

6. చూడవలసిన తక్కిన యంకెలు

ఆఫ్‌సెట్టు సరిపోయినంతమాత్రమున చక్రము సరిపోయినట్లు కాదు. మఱి నాలుగు సంగతులు చూడవలెను.

మొదటిది బోల్టుల వలయము. బోల్టు రంధ్రముల కేంద్రములగుండ గీయబడు వృత్తముయొక్క వ్యాసమిది. నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటరులు. ఐదు బోల్టులు, 114.3 మిల్లీమీటరులు, ఇట్లుండును. 114.3 అనగా సరిగా నాలుగున్నర అంగుళములు. ఫియట్ కారులలో పెక్కింటికి 98 మిల్లీమీటరులు. 98 దానిపై 100 చక్రము బలవంతమున నెక్కినట్లే తోచును. కాని బోల్టులు వంకరగా పోవును. సరిగా కూర్చుండని బోల్టు ఎంత బిగించినను సడలక మానదు.

రెండవది నడిమి రంధ్రము. ఇది హబ్బు మెట్టుకంటె పెద్దదైనచో నడుమ నొక కేంద్రవలయము వేయవలెను. చిన్నదైనచో చక్రము ఆనుముఖమును తాకనే తాకదు.

మూడవది నట్టు కూర్చుండు గుంట ఆకారము. కొన్ని చక్రములలో నది గరాటువలె ఏటవాలుగా, కొన్నింటిలో బంతివలె గుండ్రముగా, కొన్నింటిలో చదునుగా నుండును. ఒకదాని నట్టును మఱియొకదానిలో బిగించినచో నది అంచున మాత్రమే తాకును.

నాలుగవది టైరుయొక్క మొత్తము ఎత్తు. 185/65 ఆర్ 15 అను టైరులో 185 వెడల్పు. 65 అనగా ప్రక్కగోడ ఎత్తు వెడల్పులో నూటికి 65 వంతులు, అనగా 120.25 మిల్లీమీటరులు. 15 అంగుళముల రిమ్ము 381 మిల్లీమీటరులు. మొత్తము ఎత్తు 381 + 120.25 + 120.25 = 621.5. దీనికి బదులు 195/55 ఆర్ 16 వేసినచో 406.4 + 107.25 + 107.25 = 620.9. భేదము మిల్లీమీటరుకంటె తక్కువ. కావున స్పీడామీటరు చూపు వేగము చెడదు. రిమ్ము పెద్దదైనప్పుడు ప్రక్కగోడను తగ్గించుటలోని మర్మమిదియే.

7. బిగించునప్పుడు పాటింపవలసినవి

నట్టులను వరుసగా గాక ఎదురెదురుగా బిగింపవలెను. చివరి బిగింపు టార్క్ రెంచితో, వాహనముతో వచ్చిన పుస్తకమున చెప్పిన యంకె వఱకు చేయవలెను. కాలితో పానాను తొక్కుట కొలత కాదు. క్రొత్త చక్రము గాని, స్పేసరు గాని తగిలించిన పిమ్మట 50 మొదలు 100 కిలోమీటరులలోపల మఱల నొకమాఱు బిగింపు చూచుకొనవలెను. రెండవ రకపు స్పేసరులలో చక్రమును తీసి, లోపలి నట్టులను గూడ చూడవలెను. స్టీరింగు వణకినను, చక్రమునుండి టకటకమను శబ్దము వచ్చినను తక్షణమే బండి నాపవలెను.

చట్టమును గూడ మఱువరాదు. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు నిర్మాత మొదట నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్పరాదని చెప్పుచున్నది. కావున మార్పు చేయక ముందే రవాణాశాఖవారి నడిగి తెలిసికొనుట మేలు.

8. అభ్యాసము

(అ) పాత చక్రము 5.5 అంగుళములు, ఈ టీ 45. క్రొత్తది 6 అంగుళములు, ఈ టీ 38. లోపలి, వెలుపలి మార్పులెంత?

(ఆ) ఈ టీ 48 చక్రమునకు 15 మిల్లీమీటరుల స్పేసరు నుంచినచో నది ఏ ఆఫ్‌సెట్టు గల చక్రమువలె నిలుచును?

(ఇ) 12 మిల్లీమీటరుల స్టడ్డుపై నట్టు 18 మిల్లీమీటరుల మేర ఎక్కుచున్నది. 5 మిల్లీమీటరుల బిళ్ల వేయవచ్చునా? 8 మిల్లీమీటరులది వేయవచ్చునా?

జవాబులు: (అ) లోపలి వైపున 0.65 మిల్లీమీటరు వెనుదీయును. వెలుపలి వైపున 13.35 మిల్లీమీటరులు పొడుచుకొని వచ్చును. (ఆ) ఈ టీ 33. (ఇ) 5 ది వేసినచో 13 మిగులును, సరిపోవును. 8 ది వేసినచో 10 మాత్రమే మిగులును, వేయరాదు.

తలిదండ్రులకొక మాట. క్రొత్త చక్రములు వేయింపుమని యింటిలోని యువకుడు కోరినప్పుడు, వెలనుగూర్చి మాత్రమే విచారింపక, వెడల్పెంత, ఈ టీ ఎంత, బోల్టుల వలయమెంత, స్పేసరు వేయుదురా అని యడుగుడు. అమ్మువాడు ఈ నాలుగింటికి జవాబు చెప్పలేనిచో మఱియొక యంగడికి పొండు.

నడచు బండినుండి ఊడిన చక్రము ఆ బండితో నాగదు. అది తన వేగముతో రోడ్డున దొర్లిపోవును. ఎదుట వచ్చు సైకిలువానిని గాని, బడినుండి ఇంటికి పోవు పిల్లలను గాని అది ఎఱుగదు. చక్రముల నెన్నుకొనినవాడు బండి యజమాని, వారు కారు. కావున చక్రము తన చోట నిలుచునట్లు చూచుకొనుట మన బండిని కాపాడుకొనుట మాత్రమే కాదు, మన పొరుగువానియెడల మనకుగల విధి.